నెమలీక పెట్టని పిల్లలు

మూడో తరగతిలో నాకొక నెమలీక ఉండేది. తీర్థంలో కొన్నది కాదు, మా వరసలో చివర కూర్చునే పిల్లకి రెండు కొత్త బలపాలిచ్చి మార్చుకున్నది. దాన్ని తెలుగు వాచకంలో, పద్యాలున్న పేజీలో పెట్టాను. పెన్సిలు చెక్కిన పొట్టు మేతగా వేశాను. తాటాకు ముక్కేస్తే తొందరగా పెడుతుందని ఒకత్తి, కాదు కొబ్బరాకే వెయ్యాలని ఇంకొకత్తి. మేత దగ్గర మా బడిలో రెండు పార్టీలుండేవి గానీ ఒక్క నియమం దగ్గర అందరూ ఏకమే. పుస్తకం తెరిచి చూడకూడదు. చూస్తే నెమలీక పిల్లల్ని పెట్టదు.

నేను గంటకోసారి చూసేదాన్ని. లెక్కల మేష్టారు బోర్డు వైపు తిరగ్గానే చూసేదాన్ని, అన్నం తింటూ ఎడం చేత్తో తెరిచి చూసేదాన్ని. ఒకరోజు ఈకలోంచి ఒక పోగు ఊడి విడిగా కనిపించింది. పిల్ల పుట్టిందని తరగతంతా చాటాను. మర్నాటికి ఆ పోగు ఎక్కడో రాలిపోయింది. నువ్వు చూశావు కాబట్టే చచ్చిపోయిందన్నారు. రాత్రి ఏడుస్తూ పడుకుంటే మామ్మ సంగతడిగింది.

"నెమలీకేం పెడద్దే పిచ్చిమొకవా? చచ్చిన ఈక అది. రేపొద్దున నీకు పెట్టేది ఇస్తానుండు."

పొద్దున్నే నూతి చప్టా పక్కనున్న రణపాల మొక్కనుంచి ఒక ఆకు తుంచి ఇచ్చింది. ఆ మొక్క మా ఇంట్లో మందుల బీరువా లాంటిది. సెగ్గడ్డ లేస్తే చాలు, ఆకుకి ఆముదం రాసి, దీపం సెగ చూపించి, వెచ్చవెచ్చగా కట్టేసేది మామ్మ. మందంగా, అంచంతా చిన్నచిన్న నొక్కులుగా ఉండే ఆకు. లెక్కల నోటు పుస్తకంలో పెట్టాను. దీనికి మేత వెయ్యాలా అనడిగితే, "దాని మేత దాన్లోనే ఉంటది" అంది.

పది పన్నెండు రోజులకి పదిహేడో ఎక్కం పేజీ పసరు మరకలతో పాడైపోయింది. ఆకు అంచున నొక్కు నొక్కుకీ దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్లు, వాటి మధ్యలోంచి గోరంత కూడా లేని రెండేసి ఆకులు. లెక్కపెడితే అయిదు పిల్లలు. మట్టి లేదు, నీళ్లు లేవు, పుస్తకాల సంచీలో చీకటి. ఎక్కం పాడుచేసినందుకు మేష్టారు మొట్టికాయ వేశారు గానీ, ఆయన కూడా ఆ పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు.

ఇదంతా జరిగి యాభై ఏళ్లు దాటింది. మధ్యలో బ్యాంకు ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు. ఇప్పుడు హైదరాబాదులో మూడో అంతస్తులో ఉంటున్నాం. తూర్పు వైపు నాలుగడుగుల బాల్కనీ. నూతి చప్టా పక్క జాగా ఎలాగూ లేదు కనక, అరచేతిలో పట్టే కుండీల్లో పెరిగే సక్యులెంట్ల మీద పడింది నా కన్ను. కడియం నుంచి లారీల్లో మొక్కలు దిగే నర్సరీ ఒకటి మా రోడ్డు చివర ఉంది. కాఫీ కప్పంత కుండీ, అందులో రాతితో చెక్కిన తామరపువ్వులాంటి మొక్క. ధర విని వెనక్కి తిరిగాను. తిరుగుతూ చూస్తే బల్ల మీద, కుండీల మధ్య, రాలిపడిన ఆకులు. బూడిద రంగు, చింతగింజ కంటే కొంచెం పెద్దవి, బొద్దుగా ఉన్నాయి.

మనీప్లాంటుని దొంగతనంగా తెచ్చుకుంటేనే కలిసొస్తుందని మనవాళ్లంటారు. అడిగి తెచ్చుకుంటే బతకదట. ముప్పై నాలుగేళ్లు క్యాష్ కౌంటర్లో ఒక్క రూపాయి తేడా రానివ్వనిదాన్ని, ఆ వేళ గుప్పెట్లో ఆకులు దాచుకుని చెమటలు కక్కాను. నర్సరీ కుర్రాడు చూడనే చూశాడు. "తీస్కపోండ్రి మేడం, ఎట్లైనా ఊడ్చేటివే" అన్నాడు. నామాట అటుంచి, దొంగిలించే పుణ్యం కూడా దక్కలేదు ఆ ఆకులకి.

పదకొండు ఆకులు. ఇంటికి తెచ్చి, ఎర్రమట్టి నింపిన కుండీలో వరి నారు నాటినట్టు తొడిమ వైపు కిందికి గుచ్చి, పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. వారం తిరిగేసరికి ఉడికిన సగ్గుబియ్యంలా అయ్యాయి. వేలు తగిలితే చితికి నీరుకారాయి. రణపాలని లెక్కల పుస్తకంలో పెంచిన పిల్ల యాభై ఏళ్లలో నేర్చుకున్నదేమిటంటే, నీళ్లు పొయ్యడం.

రెండోసారి సిగ్గు విడిచి అడిగాను. నర్సరీ కుర్రాడు చెప్పింది మూడు ముక్కల్లో చెప్పొచ్చు. గుచ్చొద్దు, పరిచిపెట్టండి. తడపొద్దు, ఆరనివ్వండి. ముట్టుకోవద్దు. మొదటి రెంటికీ కారణం తర్వాత నాకే అర్థమైంది. మొక్కనుంచి ఊడిన చోట ఆకుకి పుండు ఉంటుంది. ఆ పచ్చిపుండు తడిమట్టిలో పెడితే బూజూ కుళ్లూ లోపలికి పోతాయి. నీడన నాలుగైదు రోజులు ఊరికే వదిలేస్తే మోకాలి దెబ్బ మీద పక్కు కట్టినట్టు కడుతుంది. అప్పుడిక భయం లేదు. ఆకుని తుంచే పద్ధతి కూడా ఒకటుంది. కత్తితో కొయ్యకూడదు, మధ్యకి విరవకూడదు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని అటొకసారీ ఇటొకసారీ మెల్లగా కదిపితే, కాండానికి అతుక్కున్న మొదలుతో సహా చటుక్కున ఊడొస్తుంది. పుట్టేదంతా ఆ మొదట్లోంచే. అది కాండానికే ఉండిపోయి పైముక్క మాత్రం చేతికొస్తే, ఎన్నాళ్లు చూసినా ఎండడం తప్ప ఏమీ జరగదు.

అన్ని సక్యులెంట్లూ ఈ పని చెయ్యవు. గ్రాప్టోపెటలం, ఎచెవేరియా, సెడమ్, జేడ్ లాంటివి చేస్తాయి. ఏయోనియం చెయ్యదు. మన కలబంద అంతకన్నా చెయ్యదు. దాని ఆకు ఎంత లావున్నా కుళ్లడమే, పక్కన లేచిన పిలక తీసి నాటుకోవాల్సిందే. బ్రహ్మజెముడు అట్ట విరిగి పడ్డచోటల్లా వేళ్లూనుకుంటుంది గానీ అట్ట ఆకు కాదు, ఆకులా పరుచుకున్న కాండం. దాని ఆకులు ముళ్లయ్యాయి. ఇలాంటి మారువేషాలు ఈ జాతుల్లో ఎక్కువ. నేను గుప్పెట్లో దాచుకున్న గ్రాప్టోపెటలం పేరులోనే ఒక అబద్ధముంది. దాని ఇంటిపేరు పరాగ్వేయెన్స్. ఎవరో పరాగ్వే నుంచి వచ్చిందనుకుని పెట్టారు. తీరా అది మెక్సికో మొక్క. శాస్త్రీయనామాల్లో ఒకసారి రాసింది రాసిందే కనక, ఎన్నడూ చూడని దేశాన్ని ఇంటిపేరుగా మోస్తూ తిరుగుతోంది. దొంగ చిరునామాతో మా బ్యాంకులో ఖాతా తెరిచినవాళ్లు ఇంత నిబ్బరంగా ఉండేవాళ్లు కాదు.

ఈసారి పుల్లారెడ్డి స్వీట్ల డబ్బా మూతలో గరుకు ఇసుక, చిదిపిన ఇటుక ముక్కలు, కాస్త కోకోపీట్ కలిపి పలచగా పోసి, మీద తొమ్మిది ఆకులు పరిచాను. వెలుతురుండి ఎండ తగలని చోట, బాల్కనీ లోపలి గోడ వారగా పెట్టాను.

మొదటి ఇరవై రోజులు ఏమీ జరగలేదు.

మట్టీ నీరూ వేరూ లేకుండా ఒక ఆకు ఇరవై రోజులు, ఒక్కోసారి మూడు నెలలు, ఎలా బతికుంటుంది? తోటకూర కట్ట పొద్దున తెస్తే సాయంత్రానికి వాలిపోతుందే. దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే మా చిన్ననాటి సామర్లకోట తగిలింది. నిజంగానే నేను ఎదురుచూడలేదు.

మాకు చిన్నప్పుడు సామర్లకోటంటే రైల్వే జంక్షనూ, భీమేశ్వరస్వామి గుడీ, గోదావరి కాలవానూ. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడ ఈస్టిండియా కంపెనీ వారి తోట ఒకటుండేది. మిరియాలు పండించి లాభాలు తీద్దామని వేసిన తోట. దాన్ని చూసుకున్న విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకి వెళ్లిపోతే, ఆ బాధ్యత బెంజమిన్ హైన్‌కి వచ్చింది. తరంగంబాడికి మిషనరీగా వచ్చి, చెట్లూ చేమల్లో పడిపోయిన మనిషి. రాక్స్‌బర్గ్ పేరు అందరికీ తెలుసు. హైన్‌ని తల్చుకునేది ఒక్క చిన్న ఉత్తరం వల్ల. లండన్‌లోని లినియన్ సొసైటీ 1815లో అచ్చువేసిన ఆ ఉత్తరంలో ఆయన చెప్పిందల్లా రణపాల ఆకు రుచి గురించి. పొద్దున నమిలితే పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఏ రుచీ ఉండదు, సాయంత్రానికి కాస్త చేదు తిరుగుతుంది. అంతే.

ఆ ఉత్తరం గురించి చదివాక నేనూ చూశాను. నాలుక మీద పెట్టి, నమిలి, ఉమ్మేశాను. (తినడం మాత్రం మంచిది కాదు. ఈ జాతి మొక్కలు మేసి పశువులు చచ్చిపోయిన దేశాలున్నాయి.) ఆరు గంటలకి పులుపు. రెండు గంటలకి గడ్డి. హైన్ తర్వాత చాలామంది కలిసి తేల్చిన కారణం ఇది. మామూలు మొక్కలు పగలు ఆకుల మీది సన్నటి రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. తలుపు తెరిచాక గాలి లోపలికి రావడమే కాదు, తేమ బయటికీ పోతుంది. నీళ్లకి కటకటలాడే చోట్ల పుట్టిన ఈ మొక్కలు పగలు తలుపులు బిగించుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు గాలిని మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. అదే యాపిల్లో పులుపు. తెల్లారాక తలుపులు మూసుకుని, ఆ దాచిందాన్ని ఎండలో వండుకుంటాయి. మధ్యాహ్నానికి సరుకు అయిపోతుంది, పులుపు పోతుంది. బొత్తిగా నీళ్లు లేని కాలంలో రాత్రి కూడా తలుపు తియ్యకుండా, తాము వదిలిన ఊపిరినే మళ్లీ వాడుకుంటూ ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోగలవు. క్రాసులేసీ కుటుంబంలో ముందు కనిపెట్టారు కనక దీనికి ఆ కుటుంబం పేరే పెట్టారు. రణపాల ఆ కుటుంబంలోదే. నా డబ్బా మూతలో ఉన్నవీ ఆ కుటుంబంలోవే.

దాని మేత దాన్లోనే ఉంటదన్న మామ్మ మాటకి ఇంత పెద్ద వ్యాఖ్యానం కావలసివచ్చింది. ఆమె రణపాలని ఈ నేల మొక్కేననుకునేది. దాని పుట్టిల్లు మడగాస్కర్ అంటే నమ్మేది కాదు. జర్మనీలో దీన్ని గోథే మొక్కంటారు. మహాకవి గోథే ముసలితనంలో దీన్ని కిటికీలో పెంచి, పిల్లలు పెట్టే ఆకుల్ని స్నేహితులకి పంపేవాడు. మా నోటు పుస్తకంలో రణపాల లాంటి పనే, కాకపోతే ఆయనకి ఎవరూ మొట్టికాయ వెయ్యలేదు.

రణపాలకీ నా డబ్బా మూతలోని ఆకులకీ ఒక తేడా ఉంది. రణపాల ఆకు నొక్కుల్లో మొగ్గలు ముందే కట్టి ఉంటాయి, తల్లినుంచి విడిపోగానే నిద్రలేస్తాయి. గ్రాప్టోపెటలం ఆకులో అలా కట్టి ఉంచిన మొగ్గ ఉండదు. ఆకుగా స్థిరపడి, ఆకు పని చేసుకుంటూ ఉన్న కణాలే మొదటి దగ్గర పని మానుకుని, మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టి, వేరుకి వేరూ కాండానికి కాండమూ తయారుచేసుకోవాలి. అరవై ఏళ్ల మనిషి రిటైరై మళ్లీ ఒకటో తరగతిలో చేరినట్టు. అందుకే ఆలస్యం.

ఆస్ట్రియా శాస్త్రవేత్త గాట్లీబ్ హాబర్లాంట్ 1902లో ఒక సాహసమైన మాట అన్నాడు. మొక్కలో ఏ ఒక్క కణాన్ని విడదీసి సరైన మేత వేసి పెంచినా, దాన్నుంచి మొత్తం మొక్క రావచ్చని. అని ఊరుకోలేదు. ఆకుల్లోంచి కణాలు విడదీసి, చక్కెరా లవణాలూ కలిపిన నీళ్లల్లో వేసి పెంచాడు. కణాలు వారాల తరబడి బతికాయి. కొన్ని బాగా పెద్దవయ్యాయి కూడా. కానీ ఒక్కటీ రెండు కాలేదు. ఇది చదివినప్పుడు పెన్సిలు పొట్టు వేసుకుని కూర్చున్న మూడో తరగతి పిల్లే కనిపించింది నాకు, గడ్డం పెట్టుకుని. ఆయన తప్పు చాలావరకు మేతలో. ఆ రోజులకి మొక్కల హార్మోన్ల సంగతి ఎవరికీ తెలియదు. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేరు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగురు వస్తాయని స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు 1957లో పొగాకు కణజాలం మీద చూపించారు. ఆ మరుసటేడే, 1958లో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్టూవర్డ్ క్యారెట్ దుంప ముక్కల్లోని కణాల నుంచి పిల్ల మొక్కల దాకా రప్పించాడు. అప్పటికి హాబర్లాంట్ పోయి పదమూడేళ్లు.

ఇరవై మూడో రోజున నా తొమ్మిదింట్లో ఒకదాని మొదట్లో గులాబి రంగు దారం ఒకటి కనిపించింది. వేరు. అయిదో క్లాసు పిల్లలు వాటర్ కలర్‌లో ముంచి తీసిన పోగులా, ఎంత గులాబియో. ఎంత పొడుగుందో చూద్దామని ఆకుని ఎత్తాను. సాయంత్రం మళ్లీ ఎత్తాను. మర్నాడు మా ఆయన్ని పిలిచి చూపించడానికి ఎత్తాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "దీన్ని ఆస్పత్రిలో అయితే ఇన్నిసార్లు మంచం మీంచి దింపరు" అన్నారు.

మూడో రోజుకి ఆ వేరు ఎండి గోధుమరంగు తిరిగింది.

ముట్టుకోవద్దన్న మూడో ముక్క అప్పుడు అర్థమైంది. కొత్త వేరు చివరకి దగ్గర్లో ఉండే నూగు కంటికి ఆనదు. ఇసుక రేణువుల్ని పట్టుకునేది అదే. ఎత్తిన ప్రతిసారీ అది తెగుతుంది, గాలి తగిలి ఎండుతుంది. ఇంకో సంగతి. ఈ ఆకుల మీద నల్ల ద్రాక్షపండు మీద ఉండేలాంటి బూడిద పూత ఉంటుంది. మైనం అది. ఎండనుంచీ తడినుంచీ కాసేది. వేలు పెట్టినచోట చెరిగిపోతుంది. నా ఆకుల మీద నా వేలిముద్రలు ఎంత స్పష్టంగా పడ్డాయంటే, పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఆ మిషనులో కూడా అంత బాగా పడలేదు. మా బడి పిల్లల నియమాన్ని నేను అనవసరంగా తీసిపారేశాను. చూడకూడదన్నది నెమలీక విషయంలో ఎంత వెర్రో, ఆకు విషయంలో అంత నిజం. వాళ్లకి సూత్రం తెలుసు, వస్తువే తప్పు.

మిగిలిన వాటికి నెలా పదిహేను రోజుల్లో చిగుళ్లొచ్చాయి. ఆవగింజంత తామరపూలు. వేళ్లొచ్చాక మాత్రం వారానికి రెండుసార్లు, ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసాతో వేళ్ల పక్కన ఇసుక తడిసేలా కొట్టేదాన్ని. ఇది నవంబరులో మొదలుపెట్టిన వరస. మా ఊళ్లో, అంటే హైదరాబాదులో, చలికాలం గాలి పొడిగా ఉంటుంది కనక ఆకుల పనికి అదే అనువైన కాలం. కాకినాడలో ఉండే మా తోడికోడలు ఇదే పని ఆగస్టులో చేసి, "ఏవిటో అక్కా, నా చేతి మహిమ, అన్నీ పులుసైపోతన్నాయి" అంటుంది. చేతి మహిమ కాదు, ఉప్పుగాలి ఉక్క.

చిన్న మొక్క పెరుగుతున్నకొద్దీ పాత ఆకు ముడతలు పడుతుంది. ముందు ఎండు ఖర్జూరంలా, తర్వాత కిస్‌మిస్‌లా, చివరికి కాగితంలా. దీన్ని తల్లి ఆకంటారు. అక్కడితో ఆగరు. తల్లి తన రక్తమంతా ధారపోసి బిడ్డని పెంచి తాను రాలిపోతుందని చెప్పుకుంటారు. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో నేను ఫోటో పెడితే, అయిదు నిమిషాల్లో మాతృమూర్తి మీద కవితలు రెండొచ్చాయి. నాకు అది మింగుడు పడలేదు. ఒకటి, ఆడదాని త్యాగానికి ఇంకో ఉపమానం ఇప్పుడు అర్జంటుగా అవసరమని నేననుకోను. రెండు, ఇక్కడ తల్లీ లేదు, బిడ్డా లేదు. పువ్వు పూసి, పుప్పొడి పడి, గింజ కడితే అది బిడ్డ. కొత్త కలయిక, కొత్త మనిషి. ఆకునుంచి వచ్చింది ఆ మొక్కే. నర్సరీ బల్ల మీదిదీ, నా డబ్బా మూతలోదీ, నేనిచ్చిన ఆకుతో పక్క ఫ్లాటావిడ పెంచుకున్నదీ ఒకటే మొక్క, మూడు చోట్ల ఉంది. దాని వయసెంత? ఎక్కడో మెక్సికోలో ఒక గింజ మొలిచిన రోజునుంచి లెక్కపెట్టాలి. మా ఇంట్లో అన్నిటికంటే చిన్నదనుకుని ఆవగింజంత కుండీలో పెట్టింది బహుశా మా అందరికంటే పెద్దది.

ధారపోయడం సంగతిలో కూడా బ్యాంకు మనిషిగా నాకు నచ్చిన లెక్క ఒకటుంది. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన జాక్ లోబ్ అనే శాస్త్రవేత్త తన ఆఖరి ఏళ్లలో చాలాకాలం మన రణపాల ఆకులు తూచుకుంటూ గడిపాడు. దాని మీద ఆయన పుస్తకం 1924లో వచ్చింది, ఆయన పోయింది కూడా ఆ ఏడే. ఎదురెదురుగా పుట్టిన జంట ఆకుల్ని తుంచి, ఒకదాన్ని మొత్తంగా ఉంచి, ఇంకోదాన్ని కోసి చిన్నది చేసి, రెండింటినీ ఒకే పరిస్థితుల్లో పెంచి, వచ్చిన చిగుళ్లని తూచేవాడు. ఆకు బరువు ఎంత ఉంటే చిగుళ్ల బరువు ఆ పాళ్లలోనే వచ్చేది. ఆకు సగమైతే చిగురూ సగమే. మొత్తం ఆకుని అలాగే ఉంచితే ఒకటో రెండో నొక్కులే బాగా ఎదుగుతాయి. అదే ఆకుని నొక్కు నొక్కుకీ ముక్కలు చేస్తే ప్రతి ముక్కా ఒక చిన్న మొక్కనిస్తుంది. మొత్తం మాత్రం అంతకంత. ఒక ఖాతాలోంచి తీసింది ఇంకో ఖాతాలో పడింది, డెబిట్టూ క్రెడిట్టూ సరిపోయాయి. ఇందులో కన్నీళ్లు పెట్టుకోడానికి ఏముంది? నేనైతే ఆ మనిషి తక్కెడ ముందు కూర్చుని అంకెలు కలవడం చూసి ఎంత సంతోషపడి ఉంటాడా అనుకున్నాను. సాయంత్రం క్యాష్ టాలీ అయిన రోజున మాకూ అలాగే ఉండేది.

అదే మొక్క అని ఇంత గట్టిగా అన్నాక, నా మాటకి అడ్డం వచ్చేదాన్ని కూడా చెప్పాలి. స్నేక్ ప్లాంటని ఇప్పుడు ప్రతి ఆఫీసు రిసెప్షన్లోనూ నిలబెడుతున్నారే, నిలువు కత్తుల్లాంటి ఆకులు, వాటికి జరీ అంచులా పసుపు గీత. దాని ఆకు అడ్డంగా మూడంగుళాల ముక్కలుగా కోసి, తలకిందులు కాకుండా నాటితే, రెండు మూడు నెలలకి కింద పిలక వస్తుంది. నేను ఆరు ముక్కలు నాటాను, ఆరూ మొలిచాయి. ఒక్కదానికీ జరీ అంచు రాలేదు. అన్నీ ఉత్త పచ్చవే. చచ్చుపనేదో చేశాననుకున్నాను. అది నా తప్పు కాదట. ఆ మొక్కలో రెండు రకాల కణజాలాలు పొరలు పొరలుగా కలిసి కాపరం చేస్తున్నాయి. అంచుకి పసుపునిచ్చే పొర వేరు, లోపలి పచ్చది వేరు. ఆకు ముక్కనుంచి కొత్త పిలక లోపలి పచ్చ పొరలోంచి పుడుతుంది కనక పసుపు పొర అక్కడే ఆగిపోతుంది. జరీ కావాలంటే మట్టికింది కాండంనుంచి లేచిన పిలకని విడదీసి నాటాలి. మా వదిన చూసి, "పట్టుచీర ఇచ్చి నేతచీర తెచ్చుకున్నట్టుంది" అంది. ఆ ఆరూ ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి. వాటి అంచు దగ్గర ఏదో వెతుకుతూ ఉంటాయి నా కళ్లు.

మా ఇంట్లో పనిచేసే ఆమెది పాలమూరు. గ్రాప్టోపెటలం ఆకులు ముట్టుకుంటే రాలుతాయి, చీపురు తగిలినా రాలుతాయి. ఊడ్చిన చెత్తలో రోజూ నాలుగైదు ఉండేవి. వాటిని ఏం చేసేదో నేనెప్పుడూ చూడలేదు.

పోయిన జూలైలో పదిరోజులు ముసురు పట్టింది. ఆ వారమే మేము పెళ్లికని ఊరెళ్లాం. బాల్కనీలోకి జల్లు కొడుతుందన్న ఆలోచన రాలేదు. తిరిగొచ్చేసరికి రెండేళ్లుగా పెంచిన కుండీలన్నీ మొదలంటా నల్లబడి ఉన్నాయి. పట్టుకుంటే పైభాగం చేతిలోకొచ్చింది, కింద జిగురు. పక్క ఫ్లాటావిడ అంతకుముందు ఏడే అమెరికా వెళ్లిపోయింది. కుండీలు బోర్లించి కడుగుతుంటే మా పనామె వచ్చి చూసింది.

"అన్నీ పొయ్యినయా అమ్మా?"

"అన్నీ పోయాయి."

ఆమె కాసేపు ఊరుకుని, "అమ్మా, ఒక్క మాటంట, ఏమనుకోకుండ్రి. మీరు పారేసిన్రు గద అని ఆ ఆకులు నేను ఇంటికి తీస్కవోయిన. రేకుల మీద డబ్బలల్ల వెట్టిన. మస్తుగయినయి" అంది.

దొంగతనం ఒప్పుకుంటున్నట్టు అంది ఆ మాట. నర్సరీ బల్ల ముందు గుప్పెట బిగించుకుని నిలబడ్డదాన్ని, నాకేం చెప్పాలో తెలియలేదు. ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆరేళ్లుగా మా ఇంటికొస్తోంది, వాళ్ల గడప తొక్కడం నాకదే మొదటిసారి. రేకుల కప్పు వాలుగా ఉంది. ఆ వాలు కొసన ఇటుకల మీద పెయింటు డబ్బాలు, పగిలిన బకెట్టు, అడుగు చిల్లుపడ్డ ప్రెషర్ కుక్కరు. అన్నిట్లోనూ అదే మొక్క. నా బాల్కనీలో ఎప్పుడూ బూడిద రంగులోనే ఉండేది, ఇక్కడ ఎండకి గులాబీ తిరిగి, గుత్తులు గుత్తులుగా డబ్బాల మీంచి వేళ్లాడుతోంది. వాన పడ్డా నీరు నిలిచే జాగా లేదు. పడ్డది పడ్డట్టు జారిపోతుంది. నీళ్లెప్పుడు పోస్తావంటే నవ్వింది. తాగడానికి బిందెలు పట్టుకునే చోట మొక్కలకి నీళ్లెవరు పోస్తారు?

"ఎన్ని గావాల్నో తెంపుకోండ్రి" అంది. మూడు కొమ్మలు ఇవ్వబోయింది కూడా. నేను ఆకులే అడిగాను. ఎందుకో కొమ్మ తీసుకోబుద్ధి కాలేదు. తొమ్మిది ఆకులు కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆ తొమ్మిదింట్లో ఒకటి ఎండిపోయింది, ఒకటి కుళ్లింది, ఆరింటికి చిగుళ్లొచ్చి వేరే కుండీల్లోకి మారాయి. తొమ్మిదోదే తేలడం లేదు. దానికి మొదటి నెలలోనే వేళ్లొచ్చాయి. బ్రహ్మాండమైన వేళ్లు, అన్నిటికంటే గుబురుగా. చిగురు మాత్రం రాలేదు. అయిదు నెలలైంది. ముడత పడదు, ఎండదు, నీళ్లు చల్లితే తాగుతుంది, రాత్రి తలుపు తీసుకుని పగలు వేసుకుంటుంది కాబోలు, కొంచెం లావు కూడా ఎక్కింది. మొక్క కాదు, ఉత్త ఆకూ కాదు. ఇలాంటివి నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. కొన్నిటికి ఎప్పుడో చిగురొస్తుంది, కొన్నిటికి ఎప్పటికీ రాదు.

డబ్బా మూతలో అదొక్కటే మిగిలింది. మొన్న ఆమె ఊడుస్తూ, "గిది పారెయ్యాల్నా అమ్మా, నేను తీస్కవోవాల్నా?" అనడిగింది. ఉండనీ అన్నాను. దాన్ని బాల్కనీ అలమారులో పైఅరలోకి మార్చాను, వెలుతురు తగిలేలా, నా కంటికి అందకుండా. స్టూలెక్కితే తప్ప కనపడదు. వారానికోసారి మా ఆయన చేత నీళ్లు చల్లిస్తున్నాను. ఏమైనా కనిపించినా నాకు చెప్పొద్దన్నాను.

ఇవాళ పొద్దున మాత్రం ఒక్కసారి స్టూలెక్కి చూశాను.